తలకు దెబ్బ తగిలిన పిల్లాడి ఇంట్లో బంధువులు చేయాల్సింది

మీ తోడికోడలి కొడుకు బండి మీంచి పడి, తలకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చాడు, మేం ఎలా సాయపడాలి అని అడిగారు. చివర్లో "వాడికో చెల్లి కూడా ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నా జవాబు ఎక్కువగా ఆ చెల్లి గురించే, ముందే చెప్పేస్తున్నా.

మా అక్కావాళ్లది విశాఖలో మద్దిలపాలెం. మేనల్లుడు నాలుగో తరగతిలో ఉండగా హనుమంతవాక దగ్గర హైవే మీద బావ బండి వెనక నుంచి పడ్డాడు. బావకి హెల్మెట్ ఉంది, వాడికి లేదు. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలని 2019లోనే చట్టం సవరించారు. స్కూలు టైములో మన రోడ్ల మీద నిలబడి చూడండి, ఎంతమంది పిల్లలకి కనిపిస్తుందో. సరే, అది వేరే గొడవ.

కుట్లు మానాయి, జుట్టు పెరిగింది, నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. ఇంక బాగైపోయాడని అందరూ అనుకున్నాక అసలు కష్టం మొదలైంది. మెదడు ముందు భాగం దెబ్బతింటే కోపం ఆపుకోవడం, ఒక పని వరసగా పూర్తి చేయడం కష్టమవుతాయి, కాసేపు చదివితేనే నీరసపడిపోతాడు. పైగా పిల్లల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కాబట్టి కొన్ని లోపాలు పై తరగతుల్లో చదువు బరువెక్కాకే బయటపడతాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు గానీ, ఇలా ప్రమాదంలో మెదడు దెబ్బతినడం అని విడిగా ఏదీ లేదు, ఉన్నవాటిలోనే ఎక్కడో ఇమడాలి. సర్టిఫికెట్ కోసం వెళ్తే కౌంటర్లో కూర్చున్నాయన పిల్లాడిని ఎగాదిగా చూసి "ఎవరికమ్మా?" అని అక్కని అడిగాడు.

ఆ మరుసటేడు గాజువాకలో మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్. స్టేజీ పక్కనే డీజే. (భోజనాల హాల్లో డీజే ఎందుకో నాకు ఈ జన్మకి అర్థం కాదు.) వాడు కాసేపు బాగానే కూర్చుని, తర్వాత చెవులు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా వాళ్లలో ఒకావిడ వచ్చి బుగ్గ గిల్లి, "నన్ను గుర్తుపట్టావా? నా పేరు చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టింది. ప్లేటు విసిరేశాడు. పులిహోర, పప్పు అంతా ఆవిడ పట్టుచీర మీద. "దెబ్బ మానిపోయిందన్నావు, ఇంకా ఈ మొండితనం ఏటే? గారాబం ఎక్కువైపోనాది" అని అక్కని అందరి ముందూ కడిగేసింది. నేను వాడిని బయటికి తీసుకెళ్లి నచ్చజెప్పబోతుంటే వెనకాలే వాడి చెల్లి వచ్చింది. రెండో తరగతి పిల్ల. "మావయ్యా, నువ్వు మాట్లాడకు, ఇంకా ఎక్కువవుద్ది" అని తన పర్సులోంచి దూది తీసి వాడికిచ్చింది. వాడు మాట్లాడకుండా చెవుల్లో పెట్టుకున్నాడు. ఆ పర్సులో దూది, వాడికిష్టమైన బిస్కెట్లు, అమ్మ నంబరు రాసిన కాగితం తప్ప దాని వస్తువు ఒక్కటీ లేదు. అది తిందో లేదో కూడా ఎవరూ అడగలేదు. "అన్నయ్యని ఎంత బాగా చూసుకుంటుందో, బంగారు తల్లి" అన్నారంతే. నాకు ఒళ్లు మండేది ఈ మెచ్చుకోళ్లకే.

అప్పట్నుంచి వీలైన ఆదివారాలు దాన్ని ఒక్కదాన్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తున్నా. ముంత మసాలా కొనిపెట్టి ఊరుకుంటాను, ఏమీ అడగను. మొదట్లో అన్నీ అన్నయ్య కబుర్లే. కొన్నాళ్లకి ఓ రోజు "వాడు అరిస్తే దెబ్బ వల్ల అంటారు, నేను అరిస్తే పొగరు అంటారు" అంది. అవును, అన్యాయమే అన్నాను. ఇప్పుడు ఇంట్లో అన్నాచెల్లెళ్లు రిమోట్ కోసం జుట్లు పట్టుకుంటున్నారు, అక్కకి తలనొప్పి, నాకు మాత్రం సంతోషం. నన్నడిగితే చెల్లి తిరగబడటం మొదలెట్టాకే వాడూ దారిలో పడ్డాడు. డాక్టర్లు ఒప్పుకోకపోతే వాళ్లిష్టం.

కాబట్టి పళ్లు, హార్లిక్స్ పట్టుకుని గుంపుగా వెళ్లకండి. వాడికి కావాల్సింది నిశ్శబ్దం. సెలవురోజుల్లో పాపని మీ ఇంటికి తెచ్చుకోండి, దాని స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వాళ్ల అమ్మ వెళ్లలేకపోతే మీరు వెళ్లండి. బాబు వాళ్ల స్కూలుకి మీరు వెళ్లినప్పుడు మాత్రం డిశ్చార్జి కాగితాల జిరాక్స్ తీసుకెళ్లండి, ఉత్తినే నోటితో చెప్తే నమ్మరు.