వెంచర్ వేసేముందు అక్కడ వన్యప్రాణుల సర్వే చేయాలట కదా, నిజంగా చేస్తారా?

చేస్తారండీ. నేనే చేశాను.

2018 మే నెల. గుంటూరుకీ మంగళగిరికీ మధ్య 130 ఎకరాల వెంచర్. నాకు జువాలజీ ఎమ్మెస్సీ అయి ఏడాదయింది, ఉద్యోగం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రోజుకి ఎనిమిది వందలిచ్చి భోజనం కూడా పెడతామంటే సరే అన్నాను. భోజనం అంటే పులిహోర పొట్లం. మే నెలలో, మన గుంటూరులో, మధ్యాహ్నం దాకా బండి వెనకాల మగ్గిన పులిహోర. దాని మీద విడిగా ఒక జవాబు రాయాలి అసలు.

130 ఎకరాలని ఎందుకు చెప్పానంటే, 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం టౌన్‌షిప్ 50 హెక్టార్లకి, అంటే దాదాపు 124 ఎకరాలకి చేరితేనో, కట్టే విస్తీర్ణం లక్షన్నర చదరపు మీటర్లకి చేరితేనో పూర్తి రిపోర్టు రాయాలి. ఈ వన్యప్రాణుల సర్వే ఆ రిపోర్టులో భాగమే. రెండిట్లోనూ అంతకన్నా చిన్నదైతే, కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటినా కూడా ఫారాలు నింపి, ప్లాను జత చేస్తే సరిపోతుంది. ఇకపై ఏ బ్రోచర్ చేతికొచ్చినా ఎకరాలు ఎంత దగ్గర ఆగాయో ఓసారి చూడండి. నాకైతే అనుమానమే.

సరే, సర్వే సంగతి. మేం దిగేసరికి పదకొండు. రిపోర్టు మీద సంతకం పెట్టాల్సిన జీవవైవిధ్య నిపుణుడు రాలేదు. వచ్చింది నేనూ, నీళ్ల శాంపిళ్లు పట్టే ఒక అబ్బాయీ, డ్రైవరూ. గట్ల మీద తాటిచెట్లు, మధ్యలో పాడుబడ్డ మోటబావి, చుట్టూ ఈత పొదలు. గట్టెంట నడుస్తూ రాసుకుంటున్నాను: కాకి, గోరింక, కొంగ, తొండ, ఉడుత.

ఇంతలో ఒకాయన మోకు భుజాన వేసుకుని చెట్టు దిగాడు. కల్లు గీసే ఆయన.

"ఏం రాస్తన్నావమ్మాయ్?"

"ఇక్కడ తిరిగే జంతువులు బాబాయ్."

"ఎండ నడినెత్తి మీదుంటే ఏ జంతువు తిరుగుద్ది? నువ్వూ నేనే."

అని, మోటబావి దగ్గరకి తీసుకెళ్లి గట్టు మీద ఎండిపోయిన రెట్ట చూపించాడు. పుల్లతో విడదీస్తే అన్నీ ఈత గింజలే. "మానుపిల్లిదమ్మా. రాత్రి చెట్టెక్కి నా కుండలో మూతి పెడతది. కుండకి తాటాకు కట్టినా లాగేసుద్ది. చూడాలంటే పొద్దుగూకినాక రా." మానుపిల్లి అంటే పామ్ సివెట్, పెంపుడు పిల్లి కాదు, అడవి జంతువు.

ఇంట్లో చెబితే ఒక్కదాన్నే పంపరుగా. మా నాన్న గొణుక్కుంటూ టీవీఎస్ తీశారు. ఎనిమిదిన్నరకి గట్టు మీద చతికిలబడ్డాం. దోమలు. తొమ్మిది దాటాక పైన ఎండు తాటాకులు గరగరమన్నాయి. బాబాయ్ నా చెయ్యి పట్టి టార్చి అటు తిప్పాడు. రెండు కళ్లు నిప్పుల్లా మెరిశాయి. బూడిదరంగు ఒళ్లు, ముఖానికి నల్లటి ముసుగు వేసినట్టు మచ్చ, కిందికి వేలాడుతున్న పొడుగు తోక. ముందు కాలు కుండ మూతి మీద ఆనించి లపలపా నాకుతోంది. మమ్మల్ని ఒకసారి చూసింది, మళ్లీ తాగింది. మా నాన్న చెవిలో, "దీనికోసమా నేను ఎమ్మెస్సీ ఫీజు కట్టింది?" అన్నారు.

ఫోన్లో ఫోటో తీస్తే రెండు పసుపు చుక్కలు పడ్డాయి.

తేదీ, సమయం, చెట్టు గుర్తు, రెట్ట వివరం అన్నీ రాసిచ్చాను. కొన్నాళ్లకి రిపోర్టు పీడీఎఫ్ చూస్తే, క్షీరదాల పట్టికలో నా మానుపిల్లి లేదు. దాని స్థానంలో ‘పెంపుడు పిల్లి’ అని ఉంది. ఫోన్ చేసి అడిగితే, "ఫోటో క్లియర్‌గా లేదమ్మా. పైగా రాత్రి విజిట్ మన షెడ్యూల్లో లేదు కదా" అన్నారు. మానుపిల్లి 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్లో, అంటే కాపాడాల్సిన జంతువుల జాబితాలో, ఉంది. నేను చూసిన టైమే వాళ్ల షెడ్యూల్లో లేదు!

ఇంగ్లండులో గబ్బిలాలున్న అటక ముట్టుకోవాలంటే, మే నుంచి సెప్టెంబరు లోపు పొద్దుగూకే వేళ మనుషులు వచ్చి కుర్చీలేసుకుని కూర్చుని, ఎన్ని బయటికి ఎగిరాయో లెక్కపెడతారు. జంతువు బయటికొచ్చే వేళకి మనం వెళ్లాలి, ఇంత సింపుల్ విషయం. మన దగ్గరేమో వానాకాలం కాకుండా ఒక సీజన్ డేటా ఉంటే చాలు. గాలిలో దుమ్ము కొలవడానికి ఆ లెక్క సరే, వాన పడితే దుమ్ము అణిగిపోతుంది కాబట్టి. కానీ కప్పకి? వానాకాలంలో గూడు కట్టే గిజిగాడికి? మేలో వెళ్తే తాటాకులకి ఖాళీ సంచులు వేలాడుతుంటాయి. పట్టికలో ‘ఏమీ లేదు’ అని పడుతుంది.

ఇదంతా చెబితే వెంటనే ఎవరో ఒకరు గుంటూరు పక్కనున్న పక్షుల ఊరు ఉప్పలపాడు పేరు ఎత్తుతారు. "మనవాళ్లు పక్షుల్ని ఎంత బాగా చూసుకుంటారో చూడండి" అని. నిజమే, ఊరి చెరువులో పెలికాన్లనీ ఎర్రకాళ్ల కొంగల్నీ కాపాడింది ఆ ఊరివాళ్లే. కానీ ఆ పక్షులు తినేది ఆ ఒక్క చెరువులోనా? చుట్టుపక్కల కుంటలన్నీ, కాలువలన్నీ వాటి వంటిల్లే. మనం సెల్ఫీ దిగేది పడగ్గదిలో, ప్లాట్లు వేసేది వంటింట్లో.

అసలు రోగం నాకు తెలిసి ఒకటే. కన్సల్టెంటుకి అధికారిక గుర్తింపు ఉండాలి, నిజమే, కానీ డబ్బిచ్చేది బిల్డరు. అబ్బాయి తరపువాళ్లు డబ్బిచ్చి పెట్టుకున్న పెళ్లిళ్ల పేరయ్య, పిల్లాడికి మందలవాటుందని అమ్మాయి వాళ్లకి చెబుతాడా? పైగా టౌన్‌షిప్పులకి ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదని అదే నోటిఫికేషన్లో మినహాయింపు ఉంది. అంటే బాబాయ్‌ని ఏ మీటింగులోనూ ఎవరూ అడగరు. ఆ సర్వే మొత్తంలో అక్కడి జంతువుల గురించి తెలిసిన మనిషి ఆయనొక్కడే, ఎనిమిది వందలు తీసుకున్నది మాత్రం నేను. నన్నడిగితే ఇలాంటివాళ్లకి కూలి కాదు, నిపుణుడి ఫీజు ఇవ్వాలి.

పోయిన వేసవిలో అటు వెళ్లాను. ఆర్చి లేచింది, సిమెంటు రోడ్లు పడ్డాయి, మోటబావి పూడ్చేశారు. బాబాయ్ పక్క పొలంలో మిగిలిన నాలుగు చెట్లు గీస్తున్నాడు. పిల్లి ఉందా అంటే చేత్తో కొట్టిపారేశాడు. "ఎక్కడికి పోద్ది! ఉన్నయ్యే నాలుగు కుండలు, ఒకటి దానికే."