కంటెంట్ క్యాలెండర్ ఏ తేదీ నుండి మొదలుపెట్టాలి? అనంతపురం చీరల దుకాణం అనుభవం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: కర్నూలులో చెక్క గానుగ పెట్టుకుని వేరుశనగ నూనె, నువ్వుల నూనె అమ్ముతున్నారు. మూడు నెలలపాటు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకొక పోస్టు పెట్టారు. లైకులు వచ్చాయి గానీ సీసాలు కదలలేదు. అందుకని ఇప్పుడు ఏ రోజు ఏమి పెట్టాలో ముందే రాసుకునే కంటెంట్ క్యాలెండర్ ఎలా వేసుకోవాలని అడుగుతున్నారు. నాది నూనె వ్యాపారం కాదు. అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గరలో మా అత్తగారింటివారికి చీరల దుకాణం ఉంది, అందులో ధర్మవరం పట్టుచీరలే ముఖ్యమైన సరుకు. 2021 నుండి దాని ఆన్‌లైన్ పనంతా నేనే చూస్తున్నాను కాబట్టి, నేను చేసిన పొరపాట్లు మీకు కొంత పనికివస్తాయని ఈ సమాధానం రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను కూడా ముప్పై గడులున్న పట్టిక ఒకటి దించుకుని, ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్న పట్టుదలతో నింపుతూ పోయాను. సోమవారం సూక్తి, మంగళవారం చిట్కా, శుక్రవారం ఆఫరు. అక్టోబరు 1న అంతర్జాతీయ కాఫీ దినోత్సవమని ఎక్కడో చదివి, పట్టుచీరల దుకాణం తరఫున పొగలు కక్కే కాఫీ కప్పు బొమ్మ కూడా పెట్టాను. దానికి లైకులు బాగానే వచ్చాయి. చీర అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు. మీ మూడు నెలల శ్రమ కూడా ఇటువంటి గడులు నింపే పనే అయి ఉంటుందని నా అనుమానం.

దారి చూపినది మా మామయ్యగారి పాత చిట్టాలు. మూడేళ్ల చిట్టా పుస్తకాలు ముందు పెట్టుకుని, పక్కన ఆయా సంవత్సరాల పంచాంగం తెరిచి, పెద్ద ధర పట్టుచీరలు ఏ తేదీల్లో అమ్ముడయ్యాయో, ఆ తర్వాతి పెళ్లి ముహూర్తాలు ఎప్పుడు ఉన్నాయో ఒక కాగితం మీద ఎక్కించాను. ముహూర్తాల వారంలో మాకు పెద్ద బేరాలే లేవు. అవన్నీ నెలా నెలన్నర ముందే జరిగిపోయాయి. కారణం అడిగితే మా అత్తమ్మ ఒక్క మాటలో చెప్పారు: "చీర కొంటే సరిపోతుందా, జాకెట్టు ఎవరు కుడతారు?" పెళ్లికూతురి బ్లౌజు మీద మగ్గం వర్కు చేయించాలంటే సీజనులో రెండు మూడు వారాలు పడుతుంది, కుట్టు పనికి మరో వారం, పొరుగూరికి పంపితే కొరియరు రోజులు అదనం. వీటన్నిటి కంటే ముందు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను అమ్మ, పిన్ని, మేనత్త, బెంగళూరులో ఉన్న అక్క అందరూ చూసి ఒక మాట మీదికి రావడానికి ఇంకొక వారం కావాలి.

కాబట్టి మా పట్టికలో మొదట రాసుకునేది పోస్టు తేదీ కాదు, ముహూర్తం తేదీ. అక్కడి నుండి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, చీర ఇంటికి చేరాల్సిన రోజు, డబ్బు చెల్లించే రోజు, ఇంట్లో చర్చ మొదలయ్యే రోజు గుర్తు పెట్టుకుంటాము. ఆ చివరిదానికి నాలుగైదు రోజుల ముందు మా పోస్టు కనిపించాలి. ముహూర్తానికి పది రోజుల ముందు ఎంత అందమైన రీల్ పెట్టినా, అది ఇప్పటికే చీర కొన్నవారికి కాలక్షేపం మాత్రమే అవుతుంది.

పంచాంగం విషయంలో ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే దానికి నేను ఆరు వేల రూపాయలు చెల్లించుకున్నాను. 2022లో వరలక్ష్మీ వ్రతానికి ముందు పెట్టిన పోస్టులు బాగా పనిచేశాయని, 2023కు అవే తేదీలను తీసుకుని, పండగలు ఏటా పదకొండు రోజులు ముందుకు వస్తాయి కదా అని అంత మేర జరిపి, జూలై రెండో వారం నుండి డబ్బు పెట్టి ప్రకటనలు నడిపాను. ఆ ఏడాది జూలై 18 నుండి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం. వ్రతం వచ్చింది ఆగస్టు 25న. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఆ లోటు పూడ్చడానికి మూడేళ్లకు ఒకసారి కాస్త అటూ ఇటూగా అధిక మాసం వస్తుందని బడిలో చదివినదే, కానీ పట్టిక వేసేటప్పుడు గుర్తుకు రాలేదు. "అధిక మాసంలో పట్టుచీరా?" అని ఒక కస్టమరు నవ్వుతూ వాయిస్ మెసేజి పంపాకగాని విషయం బోధపడలేదు. 2026లో కూడా మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం ఉంది, దాని ఫలితంగా 2025లో అక్టోబరు 20న వచ్చిన దీపావళి 2026లో నవంబరు 8న వస్తుంది. నిరుటి ఇంగ్లీషు తేదీలను నకలు చేసే వ్యాపారి దాదాపు మూడు వారాలు తప్పుతాడు.

కొనుగోళ్లు లేని కాలంలో ఏమి పెట్టాలన్నది దీనికి వెనువెంటనే వచ్చే ప్రశ్న. 2024 వేసవిలో శుక్ర మూఢం, దాని వెంటే ఆషాఢం రావడంతో మే నుండి ఆగస్టు మొదటి వారం దాకా పెళ్లి ముహూర్తాలే లేవు. అన్ని రోజులు ధరలు, ఆఫర్లు అరిచినా వినేవారు ఉండరని తెలిసి, ఆ మూడు నెలలూ ధర్మవరంలో మాకు నేసే ఇళ్లకు నెలకు రెండుసార్లు వెళ్లి వీడియోలు తీసుకువచ్చాను. వాటిలో ఒకటి ఇప్పటికీ మా పేజీలో అన్నిటికంటే ఎక్కువమంది చూసినది. మగ్గం మీద పాత పడుగు, అంటే చీర పొడవునా ఉండే పోగులు, అయిపోవస్తుంటే దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను అతకాలి. ఒక పెద్దావిడ మగ్గం వెనుక కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుంటూ, పాత పోగునూ కొత్త పోగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పి వదులుతోంది. వేల పోగులు అలాగే అతకాలి. ఆవిడ ముఖం కూడా కనిపించదు, వేళ్లు మాత్రమే కనిపిస్తాయి. పాట పెట్టలేదు, పక్క మగ్గం చప్పుడును అలాగే ఉంచాను.

ఆ వీడియో కింద వచ్చిన ప్రశ్నలే తర్వాతి రెండు నెలల పట్టికను నింపాయి. మరమగ్గం చీరను ఎలా గుర్తుపట్టాలి, పోగు కాల్చి చూస్తే ఏమి తెలుస్తుంది, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ముద్ర ఎక్కడ చూడాలి, మడతల దగ్గర జరీ నల్లబడితే ఏమి చేయాలి, ఇలా. అసలైన పట్టు పోగును కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అవుతుందనీ, పాలిస్టరు అయితే కరిగి గట్టి ముద్ద కడుతుందనీ చూపించిన వీడియోను పంచుకున్నవారిలో చాలామంది శ్రావణంలో దుకాణానికి వచ్చారు. అప్పటి నుండి కౌంటరు దగ్గర ఒక నోటుబుక్ పెట్టాము. కస్టమరు ఏ ప్రశ్న అడిగినా, వారి మాటల్లోనే, అందులో రాస్తాము. ఒకే ప్రశ్న మూడుసార్లు వస్తే అది పోస్టు అవుతుంది. విషయాలు దొరకడం లేదని బాధపడే అవసరం ఆ తర్వాత నాకు రాలేదు.

మరొక తప్పు సరుకు లెక్కకు సంబంధించినది. నెమలికంఠం రంగు చీర ఒకటి ఎంతో ముచ్చటగా ఉందని రీల్ చేశాను. "అక్కా, ఇదే కావాలి, ఇదే రంగు" అంటూ రెండు రోజుల్లో యాభైకి పైగా మెసేజీలు వచ్చాయి. దుకాణంలో ఉన్నవి రెండే చీరలు. ఒక పడుగు మీద వచ్చేది మూడు నాలుగు చీరలే కాబట్టి, అదే రంగులో మళ్లీ నేయించడమంటే వారాల పని. లేదని చెప్పించుకున్నవారు వేరే రంగు చూడలేదు, వేరే దుకాణానికి వెళ్లారు. ఇప్పుడు మా పట్టికలో ప్రతి పోస్టు పక్కన "ఎన్ని ఉన్నాయి" అన్న గడి ఉంటుంది, అది నిండకుండా పోస్టు బయటికి పోదు. నన్నడిగితే పట్టికలో అన్నిటికంటే విలువైన గడి అదే.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. గూగుల్ షీట్స్‌లో ఒక పేజీ చాలు: తేదీ, తిథి లేదా సందర్భం, ఏమి చూపిస్తాము, ఎవరు తీస్తారు, సరుకు ఎంత, ఎన్ని విచారణలు వచ్చాయి. వారానికి మూడు పోస్టులు పెడతాము, నెలలో నాలుగు గడులను కావాలనే ఖాళీగా వదులుతాము. ఫొటోలు, వీడియోలు పదిహేను రోజులకు సరిపడా ఒకే రోజు తీసుకుంటాము. మెటా బిజినెస్ సూట్‌లో పోస్టులను ముందుగానే షెడ్యూలు చేయడానికి డబ్బు కట్టనక్కరలేదు. మీ కస్టమర్లు ఏ గంటలో ఫోను చూస్తారో మీ ఖాతా ఇన్‌సైట్స్‌లోనే కనిపిస్తుంది, ఇంకెవరో చెప్పిన "ఉత్తమ సమయం" పట్టించుకోకండి.

షెడ్యూలు చేశాక మరచిపోవడం మాత్రం ప్రమాదకరం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మా ఊళ్లో కాలనీలు నీట మునిగిన రోజున, వారం ముందే పెట్టి ఉంచిన దీపావళి ఆఫరు పోస్టు టపాసుల బొమ్మలతో తనంతట తాను బయటికి వెళ్లింది. మా పాత కస్టమరు ఒకావిడ కింద ఇలా రాశారు: "ఇంట్లో మోకాలి లోతు నీళ్లున్నాయి, బీరువాలో చీరలన్నీ తడిసిపోయాయి అక్కా." పోస్టు తీసేసి ఆవిడకు ఫోను చేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆఫర్లు ఆపి, తడిసిన పట్టుచీరను పిండకుండా, ఎండలో వేయకుండా నీడలో ఎలా ఆరబెట్టాలో మాత్రమే పెట్టాము. పొద్దున దుకాణం తీయగానే ఆ రోజు వెళ్లబోయే పోస్టును ఒకసారి చూసుకోవడం అప్పటి నుండి అలవాటైంది.

ఫలితాన్ని లైకులతో కొలవకండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు ఉంటాయి. విచారణ వచ్చిన ప్రతివారినీ "ఏది చూసి మెసేజి చేశారండీ?" అని అడిగి ఆ పోస్టు పేరుతో లేబుల్ పెట్టండి. నెలాఖరున ఏ లేబుల్ కింద డబ్బు వచ్చిందో చూస్తే, వచ్చే నెల ఏది మళ్లీ చేయాలో తెలిసిపోతుంది. కొన్న ప్రతివారి నంబరూ మీ దగ్గర ఉండాలి, మీ నంబరును వారు కూడా సేవ్ చేసుకోవాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మీ నంబరు సేవ్ చేసుకోనివారికి ఆ సందేశం చేరదు. టిక్‌టాక్ మీదే ఆధారపడినవారు 2020 జూన్ 29న నిషేధం ప్రకటించగానే చూసేవారందరినీ ఒక్క పూటలో పోగొట్టుకున్నారు. మిగిలింది ఫోను పుస్తకంలో నంబర్లు రాసుకున్నవారికే.

ఇక మీ నూనె సంగతి. మాది ముహూర్తాల వ్యాపారం, మీది నెల సరుకుల వ్యాపారం. మన ఇళ్లలో నూనె కొనేది జీతం వచ్చాక, ఒకటో తేదీ నుండి ఏడో తేదీలోపు. కాబట్టి మీ ముఖ్యమైన పోస్టులు ప్రతి నెలా 26 నుండి 3 వరకు రావాలి, నెల మధ్యలో మీ గానుగ గదిని చూపించండి. ఐదు లీటర్ల క్యాను తీసుకున్నవారికి అది ఎన్నాళ్లు వస్తుందో అడిగి రాసుకుని, అయిపోయే నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపండి. ఏ రీల్ కంటే కూడా మీకు ఇదే ఎక్కువ అమ్మిపెడుతుందని నా అంచనా. వీటికి పైన పండగలు వేసుకోండి: ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ, దీపావళికి, సంక్రాంతికి నిప్పట్లు, అరిసెలు, కార్తీక మాసంలో దీపాలకు నువ్వుల నూనె.

చూపించడానికి మీ దగ్గర మా కంటే ఎక్కువే ఉంది. అక్టోబరు, నవంబరులలో కొత్త బుడ్డలు (వేరుశనగ కాయలు) మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు ఆదోనికి వెళ్లి ఆ కుప్పలను తీయండి. చేటలో పోసిన గింజల్లోంచి బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరివేయడాన్ని దగ్గరగా చూపించి, బూజు గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చనీ, అందుకే ఏరుతామనీ చెప్పండి. గానుగ నూనె అడుగున మడ్డి ఎందుకు దిగుతుందన్న ప్రశ్న మీకు రోజూ వస్తూనే ఉంటుంది, అది సిద్ధంగా ఉన్న పోస్టు. కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది, షుగరు నయం చేస్తుంది అన్న మాటలు మాత్రం రాయకండి. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందని ప్రకటించడాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు ఒప్పుకోవు.

మీరు మొదలుపెట్టే నెల ఏదైనా, ముందు మీ బిల్లు పుస్తకం తీసి పోయిన ఏడాది ఏ తేదీల్లో ఎన్ని లీటర్లు పోయాయో ఒక కాగితం మీద రాసుకోండి. కార్తీకానికైతే, ఆశ్వయుజం రాగానే నువ్వులు ఎన్ని బస్తాలు చేతిలో ఉన్నాయో, వాటికి ఎన్ని సీసాలు నిండుతాయో లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే మొదటి పోస్టు తేదీ వేసుకోండి.