తవ్వ పక్కన ఏం రాస్తావు?

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రాజమండ్రి మ్యూజియంలో ఉద్యోగానికి చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే 2027 పుష్కరాల నాటికి గోదావరి మీద ఎగ్జిబిషన్ పెట్టమన్నారని టెన్షన్ పడుతున్నావు. హాలు ఒక్కటే, డబ్బు తక్కువ, సాయానికి ఇద్దరే మనుషులు. నా సర్వీసు మొత్తం మీద ఇంతకంటే ఎక్కువ ఎక్కడా చూడలేదు కాబట్టి ఆ బెంగ పక్కన పెట్టు.

ముందు నీ జాబితా సంగతి. నన్నయ నుంచి కాటన్ దొర దాకా, వీరేశలింగం గారి నుంచి హేవలాక్ వంతెన దాకా నూట నలభై అంశాలు రాశావు. ఒక్క హాల్లో అన్ని పెడితే సంత అవుతుంది. నలభై చాలు. కొట్టేసేటప్పుడు మనసొప్పదు, నాకు తెలుసు. అయినా కొట్టేయి.

బొమ్మలన్నీ ఒక గోడకి, చరిత్రంతా ఇంకో గోడకి పెట్టకు. చిత్రకారుడు దామెర్ల రామారావునే తీసుకో. 1897లో ఆ ఊళ్లోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంటపడి, బొంబాయి వెళ్లి చదువుకుని, మళ్లీ ఊరికొచ్చి చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి, 28 నిండకుండానే పోయాడు. హేవలాక్ వంతెన మీద మొదటి రైలు వెళ్లింది 1900లో. అంటే ఆయన చిన్నప్పటి నుంచీ చూసిన గోదావరి, వంతెన ఉన్న గోదావరి. ఆ వంతెన పాత ఫొటో పక్కన ఆయన వేసిన ఏటి బొమ్మ పెట్టి చూడు, జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు. అసలు బొమ్మని మాత్రం తేవద్దు, ఆయన పేరిట ఉన్న గ్యాలరీలోనే ఉండనీ. మంచి ప్రింటు తీయించి, కింద 'నకలు' అని రాయి. దాచిపెడితే చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇళ్ల నుంచి వస్తువులు అడిగి తెచ్చేటప్పుడు రసీదు రెండు కాపీలు రాయి. తీసుకున్న రోజునే ముందూ వెనకా ఫొటో తీసి, ఉన్న చిరుగూ మరకా అన్నీ అందులో ఎక్కించు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒకావిడ వాళ్ల తాతగారి ఫొటో ఇచ్చింది. ఉన్నది అదొక్కటే. తొందరలో వెనకాల సెలోటేపు వేసి అట్టకి అంటించాను. తీసేటప్పుడు మూల చిరిగి, తలపాగా అంచుతో సహా ఊడొచ్చింది. తిరిగివ్వడానికి వెళ్తే "ఫర్వాలేదండి" అని, ఫొటో వంక చూడకుండానే బీరువాలో పెట్టేసింది. కాఫీ కూడా ఇచ్చింది. ఆ కాఫీ గొంతు దిగలేదు. అందుకే కాగితానికి టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. నాలుగు మూలలకీ కాగితపు జేబులు చేసి అందులో దూర్చు.

నీటిరంగుల బొమ్మలకీ పాత కాగితాలకీ వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాటకూడదు. ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్ మీటర్ ఉంటే ఓ పూట అడిగి తెచ్చుకో. కిటికీలకి ముతక తెరలు కట్టించు. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేసేటట్టయితే దాని జోలికే పోకు. అలా చల్లబడుతూ వేడెక్కుతూ ఉంటే కాగితం ముడుచుకుపోతుంది, వానాకాలంలో అయితే బూజు కూడా పడుతుంది. ఫ్యాన్లే మేలు. అద్దాల పెట్టెల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వారానికోసారి చూసుకో.

ఇక లేబుళ్లు. నువ్వు పంపిన నమూనా చదివాను. "తవ్వ. ఇత్తడి. 20వ శతాబ్దం." ఇది రిజిస్టరుకి సరిపోతుంది. మనిషికి ఇలా రాయి: "తవ్వ. కిలోలు రాకముందు బియ్యం దీంతోనే కొలిచేవారు. రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం." అప్పుడు చూడు, పక్కనున్న మనవడికి ఏ మామ్మగారో మిగతాది తనే చెబుతుంది. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, రాసింది నాలుగు వరసలు దాటకూడదు. ప్రింటుకిచ్చే ముందు మీ వాచ్‌మన్ చేత పైకి చదివించు. అతను తడబడిన చోటల్లా తిరగరాయి.

ఒకసారి 1986 ఆగస్టు వరద ఫొటో పెట్టి, కింద ఫలానా రేవు అని ధైర్యంగా రాశాను. ఓ ముసలి పడవాయన చాలాసేపు చూసి, "ఇది ఆ రేవు కాదండి. ఆ మెట్ల పక్కన రాతి మండపం ఉంటదండి, ఇందులో లేదు కదండీ," అన్నాడు. మర్నాడు వెళ్లి చూస్తే ఆయన చెప్పిందే నిజం. అప్పటినుంచీ ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఓ నోటుపుస్తకం, దారం కట్టిన పెన్సిలు పెట్టేవాణ్ణి. సగం పేజీలు పిల్లల సంతకాలతో నిండిపోతాయి, విసుక్కోకు. మిగతా సగంలో నీకు ఏ పుస్తకంలోనూ దొరకనివి ఉంటాయి. ఫోన్ నంబరు రాసినవాళ్లకి తప్పకుండా ఫోన్ చెయ్యి.

ప్రారంభోత్సవం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. రిబ్బనూ శాలువాలూ మీ ఆఫీసువాళ్లు చూసుకుంటారు.

నేను ఆ రోజు రాను. జనం తగ్గాక ఏదో ఒక మంగళవారం పొద్దున్నే వస్తాను. మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా, హాలు మధ్యలో రెండు కుర్చీలు వేయించు. నాలాంటివాళ్లు చాలామందే వస్తారు.

ఉంటాను,
మీ మావయ్య