నెల్లూరు శివారులో ఇల్లు కొనేవారు ముందుగా తూము ఎక్కడుందో చూడాలి

నెల్లూరు శివారులో ఇల్లు కొనాలంటే చుట్టుపక్కల ఏయే వసతులు చూసుకోవాలని మీరు అడిగారు. బడి, ఆసుపత్రి, బస్సు, పాల బూత్ గురించి అమ్మేవారే అడగకముందు చెబుతారు; పైగా ఆ వసతులు ఈరోజు లేకపోయినా తర్వాతైనా రావచ్చు. వాన నీళ్లు బయటికి పోయే దారి, అంటే కాలువ, రోడ్డు కింద నీళ్లను దాటించే తూము మాత్రం మొదట్లో లేకపోతే తర్వాత రావడం చాలా కష్టం.

మాది బుజబుజనెల్లూరు వైపు, ఒకప్పటి మాగాణి మీద వేసిన లేఅవుట్. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల జలాశయం నుంచి పెన్నా నదికి వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. పెన్నకు దూరంగా ఉన్నాము కనుక మాకు భయం లేదని మా వీధిలో అందరమూ ధైర్యంగానే ఉన్నాము. కానీ మా ఇళ్లలోకి వచ్చినవి పెన్న నీళ్లు కావు, మా నెత్తిన కురిసిన వాన నీళ్లే. ఎదురింటివారు గ్రావెల్ తోలించి ఇంటిని మూడడుగులు లేపుకున్నందువల్ల వారి వాకిట పడిన నీళ్లు కూడా మా వరండాలోకే చేరాయి. కరెంటు పోయింది, మోటారు మునిగింది, బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కాయి.

తెల్లవారుజామున, ఒకప్పుడు ఆ పొలాన్ని కౌలుకు చేసిన పెద్దాయన పంచె ఎగగట్టి గడ్డపారతో వచ్చాడు. వీధి చివర సిమెంటు రోడ్డు అంచున కాలితో తడిమి చూసి, “ఈడే తూముండేది. రోడ్డేసేటప్పుడు గ్రావెల్ తోలి మూసేసినారు, ఇంక నీళ్లు యాడికి పోతాయి నాయనా?” అన్నాడు. ఆయన చూపిన చోట నలుగురం పట్టి తవ్వగా, చిప్స్ పొట్లాలు, కొబ్బరి పీచు, బురద కలిసి బిగుసుకుపోయిన సిమెంటు గొట్టం బయటపడింది. దానిని గడ్డపారతో పొడిచి వదిలించగానే నీళ్లు సుడి తిరిగి లోపలికి లాగడం మొదలుపెట్టాయి, మధ్యాహ్నానికి వరండా గచ్చు కనిపించింది. లేఅవుట్ ప్లాను గీసినవారికి తెలియని విషయం ఆయన అరికాలికి తెలుసు.

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బ్రోకర్లు మాత్రం ఇళ్లను ఏప్రిల్, మే నెలల్లో, నేల నెర్రెలిచ్చి ఉన్నప్పుడు చూపిస్తారు. “ఊళ్లోకి పది నిమిషాలు” అనే మాట కూడా ఆ ఎండాకాలపు లెక్కే. గట్టి వాన పడితే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలలో నీళ్లు నిలుస్తాయి, అప్పుడు ఆసుపత్రి ఎంత దగ్గరున్నా చుట్టు తిరిగి పోవలసిందే. ఇక పార్కు అంటూ రంగుల కాగితంలో పచ్చగా చూపించే స్థలం సంగతి చెప్పనక్కరలేదు. మా దగ్గర దానిలో రెండు సిమెంటు బల్లలు, ఒక చిల్లచెట్టు ఉన్నాయి, బల్లల మీద కుక్కలు పడుకుంటాయి.

కాబట్టి ఆ ప్రాంతపు ప్రభుత్వ సర్వేయరును అడిగి ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. (భూమి కొలతల పటం) చూడండి, పంట కాలువగానీ వాగుగానీ ఉంటే ఆ గీతలోనే తెలుస్తుంది. దానిని పట్టుకుని స్థలం దగ్గరికి వెళ్లి, కాలువ ఉండవలసిన చోట ఇప్పుడు ఎవరి ప్రహరీ ఉందో గమనించండి. వీలైతే నవంబరులో, పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. గోడలకు కొత్తగా రంగు వేసినా, మోకాలెత్తున నీటి చార ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అలాంటి చార ఉన్న వీధిలో అంకణం (మా వైపు స్థలం కొలిచే లెక్క) ధర ఎంత తగ్గించినా నేనైతే బేరానికి కూర్చోను.