పాప కోసం వచ్చిన విరాళం తోడల్లుడి దగ్గర ఉండిపోయింది

ప్రశ్న: మాది మలక్‌పేట. మా పాప 28 వారాలకే పుట్టింది, బరువు 1,050 గ్రాములు. 61 రోజులు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) ఉండి బతికి బయటపడింది. అప్పట్లో అంబర్‌పేటలో ఉండే మా తోడల్లుడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, తన క్యూఆర్ కోడ్‌తో రూ.9 లక్షలు పోగు చేశాడు. ఆ మెసేజ్ నా ఫోన్ మార్చినప్పుడు పోయింది. ఆసుపత్రికి 6 లక్షలు కట్టి, మిగతా 3 లక్షలు నా పాత బాకీకి చెల్లు అంటున్నాడు. ఇప్పటికి రెండేళ్ల 8 నెలలైంది. పాపకు ఇంకా ఫిజియోథెరపీ ఉంది. పాత ఫోటోలతో మళ్లీ విరాళాలు అడగమని స్నేహితులు చెబుతున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో తోడల్లుడు ఎవరి పెళ్లిలో ఏమన్నాడో కూడా రెండు పేజీలు రాశారు. అవేవీ కోర్టుకు అక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే: ఆ మెసేజ్‌లో ఆయన ఏమని అడిగాడు? ‘పాప వైద్యం కోసం’ అని ఉంటే ఆ డబ్బు ఆయనది కాదు, మీది కూడా కాదు, పాపది. మీ బాకీ నిజమే అయినా పాప డబ్బులోంచి పట్టుకోవడం కుదరదు. కావాలంటే ఆయన మీ మీద వేరే దావా వేసుకోవాలి.

అంత ముఖ్యమైన మెసేజ్ ఫోన్ మార్చినప్పుడు పోయిందని తేలిగ్గా రాశారు. ఇంత అజాగ్రత్త పనికిరాదు. గ్రూపులోని బంధువుల ఫోన్లలో ఉందేమో ఈరోజే అడగండి. ఉంటే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోక ఆ ఫోన్‌ను అలాగే ఉంచమనండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి. డబ్బు పంపిన ఐదారుగురి యూపీఐ వివరాలు, ఆసుపత్రి ఫైనల్ బిల్లు, రసీదులు కూడా కావాలి.

గడువు విషయం ఇంకా తొందరైనది. ఒకరి కోసం మరొకరు పుచ్చుకున్న డబ్బు రాబట్టడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 24 మూడేళ్లు ఇస్తుంది. అదీ డబ్బు అందిన రోజు నుంచి, ఆయన ‘ఇవ్వను’ అన్న రోజు నుంచి కాదు. అంటే మీకు మిగిలింది నాలుగు నెలలే. పాప మైనర్ కాబట్టి, మైనర్లకు గడువు పొడిగించే అదే చట్టం సెక్షన్ 6 ఆదుకోవచ్చు. కానీ సమయం ఉండగా దాని మీద ఆధారపడటం ఎందుకు? పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా, పెద్దమనుషులు కూర్చున్నా గడువు ఆగదు.

పాత ఫోటోల ఆలోచన వెంటనే మానేయండి. ఇంట్లో ఆడుకుంటున్న పాపను ఎన్‌ఐసీయూలో ఉన్నట్టు చూపి డబ్బు తీసుకుంటే మోసం అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. తోడల్లుడి లాయర్ దాన్నే మీ మీద వాడతాడు. అడగాల్సి వస్తే ఫిజియోథెరపీకని నిజమే చెప్పి, డాక్టర్ చీటీ పెట్టి అడగండి.

ముందు లాయర్ నోటీసు ఇవ్వండి. పాప తరఫున తల్లి నెక్స్ట్ ఫ్రెండ్‌గా (మైనర్ తరఫున దావా నడిపే వ్యక్తిగా) ఉండొచ్చు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు లీగల్ సర్వీసెస్ అథారిటీలో మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అక్కడే ప్రీ లిటిగేషన్ (దావాకు ముందు రాజీ కోసం) దరఖాస్తు పెడితే ఆయన్ను పిలిపిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో సమానం. రెండు నెలల్లో తేలకపోతే దావా వేసేయండి. డబ్బు వస్తే మీ ఖాతాలో కలపకుండా పాప పేరున వేసి, ఖర్చుల రసీదులు నెలనెలా దాచండి. దాతల్లో ఎవరైనా లెక్క అడిగితే చూపించాల్సింది మీరే.