మొదటి రైలు ఏమైంది?

అమ్మాయీ,

హాస్యనటుడు బస్టర్ కీటన్ తీసిన మూకీ సినిమా 'వన్ వీక్' మీద నీ వ్యాసం అందింది. అచ్చుతప్పులు తక్కువ, సంతోషం. కానీ చివరి పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. "రైలు వచ్చి ఇంటిని గుద్దేస్తుంది, ప్రేక్షకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు" అని రాశావు. మరి మొదటి రైలు ఏమైంది?

'వన్ వీక్' నువ్వు చూసే రాశావా అని అనుమానం వచ్చింది. కొత్త దంపతులకు కానుకగా ఇల్లు వస్తుంది, పెట్టెల్లో విడి భాగాలుగా. పెళ్లికూతుర్ని చేసుకోవాలనుకుని భంగపడ్డవాడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. పెళ్లికొడుకు కీటన్ వాటి ప్రకారమే వంకరటింకర ఇల్లు లేపుతాడు. తీరా చూస్తే అది కట్టింది వేరే స్థలంలో. లాక్కుపోతుంటే పట్టాల మీద ఇరుక్కుంటుంది. దూరంగా రైలు. ఎంత నెట్టినా ఇల్లు కదలదు. ఇద్దరూ పక్కకు జరిగి కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీద నుంచి వెళ్లిపోతుంది! రెండో జత పట్టాలున్న సంగతి కెమెరా మనకు అప్పటిదాకా తెలియనివ్వదు. హమ్మయ్య అనుకుంటాం. అప్పుడు ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని తుక్కుతుక్కు చేస్తుంది.

ఆ మొదటి రైలు తీసేస్తే మిగిలేది ప్రమాద వార్త. జిల్లా ఎడిషన్‌లో వేసుకోవచ్చు.

హాస్యం అంటే ఏది ముందు, ఏది వెనక అన్నదే. ఈ మాట ఎవరూ వినకపోయినా చెబుతూనే ఉన్నాను. 'కడుపుబ్బ', 'నవ్వుల జల్లు' అని నువ్వెంత రాసినా పాఠకుడు నవ్వడు. తను నవ్వకపోతేనే జనం నవ్వుతారని కీటన్ చిన్నప్పుడే, అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కి కిందా మీదా పడే రోజుల్లోనే కనిపెట్టాడు.

నా తొలినాళ్లలో ఒక వారపత్రికకు కథ పంపాను. ఇల్లు మారుతుంటే బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది. పైన తాతగారు, కింద కూలీలు. ఇంటాయన బీరువా సందులోంచి తల దూర్చి కరెంటు బిల్లు బాకీ లెక్క చెబుతుంటాడు. ఎడిటర్ గారు చివర ఒక వాక్యం చేర్చారు: "అందరూ పకపకా నవ్వారు." పైన 'హాస్య కథ' అని ముద్ర, పక్కన పళ్లికిలించే బొమ్మ. అడిగితే "పాఠకుడికి తెలియాలి కదండీ" అన్నారు. ఆయన పోయారు పాపం. ఆ వాక్యం మాత్రం సంకలనంలోకి కూడా ఎక్కింది. ఇప్పుడు టీవీలో జోకు పడగానే వెనక నుంచి 'డొంయ్' అని వాయిస్తున్నారే, వాళ్లంతా ఆయన వారసులే.

గాలివానలో ఇల్లు గిరగిరా తిరగడాన్ని నువ్వు 'కెమెరా మాయ' అన్నావు. కాదు. ఇంటిని నిజంగానే తిరిగే చక్రం మీద కట్టారు. చుట్టాలు గుమ్మంలోంచి బయటికొచ్చి పడుతుంటే మనకు నమ్మకం కుదిరేది అందుకే.

ఒక్కచోట మాత్రం ఆగి రెండుసార్లు చదివాను. స్నానాల తొట్టి బయట పడ్డ సబ్బు కోసం పెళ్లికూతురు వేషం వేసిన సిబిల్ సీలీ లేవబోతుంటే, ఒక చెయ్యి వచ్చి కెమెరాను మూసేస్తుంది కదా. "ఆ చెయ్యి ఎవరిదో అని రాత్రంతా ఆలోచించాను" అన్నావు. అది నీ వాక్యం.

రాసిన వారానికే పత్రికలకు పంపేశానన్నావు. ఏమిటా తొందర? కీటన్ సొంతంగా మొదట తీసింది 'ది హై సైన్'. నచ్చక పక్కన పెట్టేసి, 1920లో 'వన్ వీక్'ను ముందు వదిలాడు. 'ది హై సైన్' మరుసటి ఏడాదిగానీ బయటికి రాలేదు.

"జీవితమూ ఇంతే కదా" అనే నీ ఆఖరి పేరా మొత్తం కొట్టేశాను. కీటన్ ఆ కుప్ప మీద 'అమ్మబడును' బోర్డు పెట్టి, ఇల్లు కట్టే విధానం కాగితం కూడా దానికే తగిలించి, పెళ్లాం చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

చాప్లిన్ గొప్పా, కీటన్ గొప్పా అన్న నీ ప్రశ్న వేరే పనిలేనివాళ్లను అడుగు. నువ్వడిగిన ముందుమాట సంగతి తర్వాత. రెండు రీళ్ల సినిమా, అరగంట కూడా పట్టదు. ఇంకోసారి చూసి రైళ్ల పేరా తిరగరాయి. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి పంపు, నా కళ్లజోడు పాతదయింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు