నాన్న సెలవు పెడితే తప్పేంటి?

ప్రశ్న: మా పాపకు అయిదో నెల. నా భార్య త్వరలో ఉద్యోగంలో చేరుతుంది. ఆర్నెల్లు నేను సెలవు పెడదామనుకుంటే, ‘మగాడివి, ఇంట్లో ఏం చేస్తావ్?’ అంటున్నారు. పైగా నేను సీసా పడితే పాప తాగదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అనేవాళ్లెవరూ రాత్రి రెండింటికి లేచి పాపను ఎత్తుకోరు కదా, అననివ్వండి. స్వీడన్‌లో 1974 నుంచే తండ్రులకూ ఈ సెలవుంది. ఇప్పుడు మొత్తం 480 రోజుల్లో 90 రోజులు అచ్చంగా తండ్రివే, తల్లికి బదలాయించడం కుదరదు.

అసలు చిక్కు సీసాతోనే. అమ్మ పక్క గదిలో ఉంటే పిల్ల సీసా ఎందుకు పడుతుంది? ఇప్పటి నుంచే రోజూ ఒక పూట ఆవిడను బయటికి పంపి, మీరే పట్టండి. ఏడుపు లంకించుకోకముందే మొదలుపెట్టాలి, ఆకలి ముదిరితే ఇక వినదు. పిండిన తల్లిపాలు మరీ వేడిగా లేని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవుంటాయి. పాప తాగి వదిలేసినవి 2 గంటలు దాటితే పారబోయండి.

అన్నట్టు, ‘డైపర్లు ఎక్కడున్నాయ్?’ అని ఆవిడకు ఆఫీసుకు ఫోన్ చేయకండి, వెతుక్కోండి. సెలవు తేదీలు, మళ్లీ చేరే తేదీ మాత్రం మీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.